పత్రిక ఎవరిది?

మేముంటున్న ఈ అమెరికా పట్టణంలో ఒక వారపత్రిక ఉంది. మేము వచ్చిన కొత్తలో దాని యజమానే సంపాదకుడు. మన ఉగాది సభ ప్రకటన పట్టుకుని వెళితే కుర్చీ వేసి కూర్చోబెట్టి, మన పేర్లు ఎలా పలకాలో అడిగి తెలుసుకుని మరీ అచ్చు వేసేవాడు. వయసు మీదపడి ఆయన దాన్ని అమ్మేశాడు. కొన్నవారు మరొకరికి అమ్మారు. ఇప్పుడు ఊళ్ళో దాని కార్యాలయమే లేదు. పేరు మాత్రం పాతదే. ఊరి వార్త కావాలంటే వెతుక్కోవాలి.

అలాగని పత్రిక చేతులు మారడమే చెడ్డదని నేననను. మా బందరు కృష్ణాపత్రిక సంగతే చూడండి. 1902 ఫిబ్రవరి 2న దాన్ని స్థాపించినవారు కొండా వెంకటప్పయ్యగారు, దాసు నారాయణరావుగారు. మొదట పక్షపత్రిక, తరువాత వారపత్రిక. బందరులో వకీలుగా ఉన్న వెంకటప్పయ్యగారు తరువాత గుంటూరు వెళ్ళిపోయారు. 1907లో సంపాదకత్వం ముట్నూరి కృష్ణారావుగారి చేతికి వచ్చింది. 1945లో కన్నుమూసే వరకు, అంటే 38 ఏళ్ళు, ఆయన ఆ బాధ్యత వదలలేదు. ఆయన చుట్టూ చేరే కవులు, కళాకారులు, దేశభక్తుల గోష్ఠికి ‘కృష్ణాపత్రిక దర్బారు’ అని పేరు. మా తాతగారు “పత్రిక వచ్చిందా?” అని అడిగేవారు కారట, “ముట్నూరివారు ఈ వారం ఏం రాశారు?” అనేవారట.

ఆయన తరువాత పత్రిక మళ్ళీ చేతులు మారింది, హైదరాబాదు చేరింది, దినపత్రిక కూడా అయింది. పేరు వెళ్ళింది గాని, దర్బారు వెంట వెళ్ళలేదు.

నాకు తోచేది ఇది. పత్రికను కొన్నవారికి పేరు దక్కుతుంది, యంత్రాలు దక్కుతాయి, చందాదారుల జాబితా దక్కుతుంది. ఊరి మీద మమకారం మాత్రం దస్తావేజులో రాసి ఇచ్చేది కాదు. అందుకునే చెయ్యి ఆ ఊళ్ళోదై ఉండాలి.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘ పత్రికను ఇన్నాళ్ళూ నడిపిన దంపతులు ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రానికి వెళుతున్నారు. విరాళం ఇస్తామన్నవారు ఇద్దరున్నారు, సంతోషం. నెలకు రెండు ఆదివారాలు ఇస్తామన్నవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. పెద్దలు, ముఖ్యంగా ఇక్కడ పుట్టి తెలుగు నేర్చుకున్న పిల్లలు, వచ్చే సమావేశానికి ముందే ఆలోచించి పేరు ఇవ్వండి.