నీటిమీది వ్రాత

నిలకడ లేని మాటను లోకం నీటిమీది వ్రాత అంటుంది. ప్రవహించే దానిలో క్రమం నిలవదన్నది ఆ నానుడిలోని భావం. పదార్థాన్ని ఘనం, ద్రవం, వాయువు అని విభజించిన శాస్త్రం కూడా చాలాకాలం ఇంచుమించు ఇలాగే భావించింది.

1888లో ప్రాగ్ నగరంలో పనిచేస్తున్న ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ రైనిట్జర్‌కు ఒక వింత ఎదురైంది. కొలెస్టెరాల్‌కు సంబంధించిన ఒక పదార్థం 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసకబారిన ద్రవమైంది, 178.5 డిగ్రీల వద్ద గాని తేటపడలేదు. జర్మనీ భౌతికశాస్త్రజ్ఞుడు ఓటో లేమన్ ఆ మసక ద్రవాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. అది ద్రవంవలె ప్రవహిస్తూనే స్ఫటిక లక్షణాలను ప్రదర్శించింది. అట్టి పదార్థాలే ద్రవస్ఫటికాలు.

వేడిమివల్ల గాక, ద్రావణితో కలయికవల్ల ఏర్పడే ద్రవస్ఫటికాలను లయోట్రోపిక్ ద్రవస్ఫటికాలు అంటారు. అందుకు సబ్బు సుపరిచితమైన ఉదాహరణ. సబ్బు అణువు శిరస్సు నీటిని కోరుతుంది. తోక నీటిని సహించదు. సబ్బు పాలు తగినంతగా ఉన్నప్పుడు తోకలు లోపలికి, శిరస్సులు వెలుపలికి ఉండేట్లు జంటపొరలు ఏర్పడతాయి. పొరకూ పొరకూ నడుమ నీరు నిలుస్తుంది. జీవకణాన్ని ఆవరించిన త్వచానికి ఆధారం కూడా ఇటువంటి జంటపొరే.

అయితే వరుసలో నిలవడం వేరు. అందరూ ఒకే దిక్కుకు ముఖం పెట్టడం వేరు. జంటపొరలో పైవరుస శిరస్సులు పైకి, కిందివరుస శిరస్సులు కిందికి ఉంటాయి. ఒకదాని దిశను మరొకటి రద్దు చేస్తుంది. అక్కడ క్రమం ఉంది, ధ్రువత్వం లేదు.

ఈ చిక్కుకు ఒక మార్గాన్ని 1975లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మేయర్, ఆయన సహచరులు చూపారు. వారు పరిశీలించినవి నీటితో పనిలేని ద్రవస్ఫటికాలు. పొరలోని అణువులు ఒక పక్కకు ఒరిగి ఉండాలి. ఎడమచేయి కుడిచేయి ఒకదానికొకటి ప్రతిబింబాలైనట్లు, తమ ప్రతిబింబంతో ఏకీభవించని ఆకృతి వాటికుండాలి. ఈ రెండూ కుదిరినప్పుడు ఒరుగుదలకు అడ్డంగా ప్రతి పొరలోనూ విద్యుత్ ధ్రువత్వం ఏర్పడుతుంది.

లయోట్రోపిక్ ద్రవస్ఫటికాలలో ఇది సాధ్యమా? పొరల నడుమ ఉన్నది రూపంలేని ద్రావణి. ఒక పొర ఎటు ఒరిగిందో పక్కపొరకు తెలియాలి. తెలియకపోతే ఒక్కొక్క పొర ఒక్కొక్క దిక్కుకు ఒరిగి, మొత్తం ధ్రువత్వం శూన్యమవుతుంది. ఆ కబురును ద్రావణి మోయగలదా అన్నదే ప్రశ్న.

2013లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహన్నా బ్రుక్నర్, ఫ్రాంక్ గీసెల్మన్, వారి సహచరులు మోయగలదని నిరూపించారు. తగిన అణువును నీరు, ఫార్మమైడ్ వంటి ద్రావణులతో కలిపినప్పుడు పొరల ఒరుగుదల ద్రావణిని దాటి పొరనుండి పొరకు కొనసాగింది. దిశ క్రమంగా మెలితిరుగుతూ సాగింది. విద్యుత్ క్షేత్రాన్ని తారుమారు చేస్తే ఒరుగుదల కూడా తారుమారయింది. ద్రావణి అణువులను పెనవేసే హైడ్రోజన్ బంధాల అల్లిక ఇందుకు తోడ్పడుతున్నదని పరిశోధకుల అభిప్రాయం.

పొరలను విడదీస్తున్నదని భావించిన ద్రావణే వాటిని కలిపే వారధి అయింది. ఆ అణువులలో ఏ ఒక్కటీ కదలిక మానలేదు. అయినా అన్నీ కలసి ఒక దిశను నిలుపుకున్నాయి. క్రమానికి నిశ్చలత్వం తప్పనిసరి కాదని, ఇరుగుపొరుగుల నడుమ పొత్తు చాలునని ఈ ద్రవస్ఫటికాలు చాటుతున్నాయి.