మా ఇంటి కాఫీ యంత్రం

ఎస్ప్రెస్సో అనే మాట మాకు చిన్ననాటినుండి పరిచితమే. పెళ్ళి పందిళ్ళలో, ఎగ్జిబిషన్ మైదానాలలో ఒక మూల నిలబడి బుసలు కొట్టే స్టీలు యంత్రాన్ని చూడనివారు మనలో ఎవరున్నారు? పాలలో చెంచాడు పొడి, చక్కెర వేసి ఆవిరి గొట్టం ముంచగానే నురగ పొంగేది. పైన చిటికెడు చాక్లెట్ పొడి చల్లి ఇచ్చేవారు. దానినే ఎస్ప్రెస్సో అని నమ్మి పెరిగాము. అది పాలను ఆవిరితో కాచడమే గాని ఎస్ప్రెస్సో కాదని నిరుడు మా అక్కయ్య చెప్పినప్పుడు ఇంటిల్లిపాదికీ కొంత చిన్నతనంగానే తోచింది.

మాది చందానగర్. నాన్నగారు ముప్పయి ఏండ్లు ఒక ఇరానీ హోటలులో చాయ్ మాస్టరుగా పనిచేసి, మోకాళ్ళు సహకరించక ఇల్లు పట్టారు. అమ్మ జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. అక్కయ్య డిగ్రీ ముగించి కొండాపూర్‌లో ఒక కాఫీ దుకాణంలో బిల్లులు వ్రాసే పనిలో చేరింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ దిక్కున రాత్రింబవళ్ళు మేలుకొని పనిచేసేవారు పెరిగారు, వారితోపాటు కాఫీ దుకాణాలూ పెరిగాయి. అందులో బిల్లులు వ్రాసేవారికంటె యంత్రం వెనుక నిలిచేవారికి జీతం ఎక్కువ. ఆ స్థానానికి ఆరు వారాలలో పరీక్ష ఉన్నదని, దుకాణంలో అభ్యాసం చేసే తీరిక దొరకదని అక్కయ్య ఒక రాత్రి అన్నం ముందు కూర్చొని చెప్పింది. ఇంట్లో ఒక యంత్రం ఉంటే బాగుండునని మాత్రం ఆమె నోట రాలేదు. ఆ మాట అమ్మే అన్నది.

అమ్మ చీటీ ఎత్తిన డబ్బు ఇరవై వేలు అప్పుడు ఇంట్లో ఉన్నది. అది పీకో మిషను కొరకు దాచినది. పీకో పనిని ఇన్నేండ్లూ బయటి దుకాణానికి పంపి, లాభంలో సగం వారికే ఇస్తున్నది అమ్మ. ఒక యంత్రం కొరకు దాచిన డబ్బుతో మరొక యంత్రం కొనడం మాకెవరికీ సులభంగా లేదు.

మొదట డాలస్‌లో ఉన్న పిన్ని కొడుకు, అక్కడ చవకగా ఉన్నాయి, వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. కాని అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ఇంటిది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నీళ్ళను వేడిచేసే యంత్రం వెయ్యి వాట్లకు పైగానే తీసుకుంటుంది. దానికి తగిన ట్రాన్స్‌ఫార్మరు ఇటుకల మూటంత బరువు, ధర కూడా తక్కువ కాదు. పైగా ఇటువంటి చిన్న పంపులు కరెంటు హెర్ట్జ్‌ను అనుసరించి కొట్టుకుంటాయి. అన్నయ్యకు కృతజ్ఞతలు చెప్పి ఆ ఆశ విడిచాము.

యంత్రం ఏమి చేయవలెనో తెలిస్తే ఏది కొనాలో తెలుస్తుందని అక్కయ్య అన్నది. మెత్తగా విసిరి బిగించి అదిమిన పొడి గుండా, 90 నుండి 96 డిగ్రీల వేడినీటిని, వాతావరణపు ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్ల ఒత్తిడితో, ఇరవై అయిదు ముప్పయి సెకన్లలో పంపాలి. పద్దెనిమిది గ్రాముల పొడికి ముప్పయి ఆరు గ్రాముల కాఫీ దిగాలి. ఇటలీలో 1884లో టూరిన్ నగరవాసి మోరియోండో పొందిన పేటెంటు, 1901లో మిలాన్ నగరవాసి బెజ్జెరా దాఖలు చేసిన పేటెంటు ఆవిరి బలం మీద నడిచే యంత్రాలవి. ఆవిరితో అంత ఒత్తిడి రాదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత గాజియా యంత్రాలలో మీటను దించి స్ప్రింగు బలంతో నీటిని నెట్టినప్పుడే కాఫీ పైన తేనెరంగు మీగడ నిలిచింది. 1961లో ఫేమా సంస్థ ఆ పనిని విద్యుత్తు పంపునకు అప్పగించింది.

ఈ చరిత్ర తెలిశాక బజారులోని అయిదారు వేల రూపాయల యంత్రాల గుట్టు మాకు బోధపడింది. వాటిలో పంపు ఉండదు. మూసిన పాత్రలో నీరు మరిగి, ఆ ఆవిరే నీటిని నెడుతుంది. ఒత్తిడి మూడు నాలుగు రెట్లకు మించదు, కాఫీ మాడిన రుచి వస్తుంది. పంపు ఉన్నవాటి పెట్టెలపై పదిహేను, ఇరవై అని పెద్ద అంకెలు ముద్రిస్తారు. అది పంపు గరిష్ఠ శక్తి మాత్రమే, పొడికి కావలసినది తొమ్మిదే. అంకె పెద్దదైనంత మాత్రాన కాఫీ మంచిదవుతుందనుకుంటే పొరపాటు.

అప్పటికి రెండు వారాలు గడిచాయి. మా వీధి చివరి అపార్ట్‌మెంటులో విదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఉద్యోగి సామాను అమ్ముతున్నాడని కావలివాడు చెప్పాడు. పంపు ఉన్న యంత్రం, ఏడున్నర వేలు. నాన్నగారు మోకాళ్ళు పట్టుకొని మూడంతస్తులు ఎక్కి వచ్చారు. పొడి గిన్నె బిగించే చోట రబ్బరు వలయం ఎండి పగిలిందని ఆయనే చూశారు. వేడినీళ్ళు వదలమని, దోసిట పట్టి వాసన చూశారు. తెల్లని పొలుసులు చేతిలో పడ్డాయి. "బోరు నీళ్ళు పోసినట్టున్నారు బాబూ!" అన్నారు. మూడు వందలు తగ్గించమని బేరమాడితే అతడు తగ్గించలేదు. అయినా తీసుకున్నాము. వలయానికి మూడు వందలయ్యింది. పొలుసులకు నిమ్మ ఉప్పు కలిపిన నీరు రెండుసార్లు పంపితే చాలింది. ఆ దినం నుండి దానికి వడపోసిన నీళ్ళే.

మిగిలిన డబ్బులో అయిదు వేలు చేతితో తిప్పే మరకు పెట్టాలని అక్కయ్య అన్నప్పుడు మాకు కోపం వచ్చిన మాట వాస్తవం. ఇంట్లో మిక్సీ ఉండగా మర ఎందుకు? ఆమె వాదించలేదు. మిక్సీలో కొట్టిన పొడితో ఒకసారి చేసి చూపింది. కొంత పిండి, కొంత రవ్వ. నీరు రవ్వ సందుల్లోంచి జారి ఎనిమిది సెకన్లలో పచ్చి పులుపు రసం దిగింది. నాన్నగారు ఒక చుక్క నాలుకపై వేసుకొని, "పొడి సమంగా లేకుంటే బంగారు గిన్నెలో కాచినా ఇంతే బిడ్డా, మర కొను" అన్నారు. ఆ మాటతో మా నోళ్ళు మూతపడ్డాయి. చిన్న త్రాసుకు మరి ఆరు వందలు.

ఎవరూ లెక్కలో వేయనిది గింజల ఖర్చు. చికోరీ కలిసిన ఫిల్టరు పొడి దీనికి పనికిరాదు. అరకు లోయ గింజలు తెప్పించాము. మన్యపు గిరిజన రైతులు చెట్ల నీడన పండించే ఈ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పావు కిలో పొట్లం పదమూడు కప్పులతో సరి. మొదటి పొట్లం మొత్తం వృథా అయింది. ఒకసారి చేదు, ఒకసారి పులుపు, ఒకసారి గిన్నె పక్కనుండి వేడినీళ్ళు చిమ్మి గోడ తడిసింది. అమ్మ ఆ గోడను చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు బరువైంది. ఆరు పొట్లాలకు రెండువేల ఏడు వందలైనది. చివరకు అమ్మ డబ్బాలో మిగిలినది మూడువేల తొమ్మిది వందలు.

అయిదవ పొట్లంలో ఒక రాత్రి పదకొండు గంటల వేళ, మర నాలుగు గీతలు బిగించినప్పుడు, ఎలుక తోకవలె సన్నని ధార ఇరవై ఏడు సెకన్లలో దిగింది. తేనెరంగు మీగడ కప్పుపై నిలిచింది. అక్కయ్య మమ్మల్ని నిద్రలేపి తలా ఒక చెంచా పోసింది. మాకు చేదుగానే ఉన్నది. ఆమెకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

పరీక్ష జరిగింది. అక్కయ్య ఇప్పుడు యంత్రం వెనుకనే నిలుస్తున్నది. పెరిగిన జీతంలో నెలకు రెండువేలు అమ్మ డబ్బాలో వేస్తున్నది. పీకో మిషనుకు ఇంకా కొన్ని నెలలు పడుతుంది. నాన్నగారు ఇప్పటికీ చాయే తాగుతారు. అయితే రాత్రి అందరూ పడుకున్నాక, పాల గొట్టాన్ని తడిగుడ్డతో తుడవనిదే ఆయన దీపం ఆర్పరు.