ఆ రెండు నెలల అద్దె సంగతి



మొన్న ఆదివారం మీటింగులో "షాపు అద్దె గొడవలో మనం రెండు నెలలు ఎందుకు వదులుకున్నాం?" అని ముగ్గురు అడిగారు. నేను సగమే జవాబు చెప్పాను. మిగతా సగం నా తప్పు గురించి. మైకు ముందు నోరు పెగల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మన హాలు ముందున్న షాపాయన తొమ్మిది నెలల అద్దె బాకీ ఉన్నాడని మన లెక్క. కొంత చేతికి ఇచ్చాను, రసీదు మీరే ఇవ్వలేదని ఆయన మాట. రాయగడలో వకీలు గారిని కలిస్తే ఒకటే అడిగారు: "నోటీసు తర్వాత ఇద్దాం. ముందు ఈ విషయం మీద మీ అందరి ఫోన్లలో ఏమేం ఉందో చూపించండి."

ఇదేమంత పని అనుకున్నాను. అద్దె గురించి ఎవరి దగ్గర ఏ మెసేజి ఉన్నా నాకు ఫార్వర్డ్ చెయ్యండని గ్రూపులో పెట్టాను. మీరూ పంపారు. రెండు రోజుల్లో నా ఫోను నిండిపోయింది. ఏది ఎవరు ఎవరికి రాశారో, ఎప్పుడు రాశారో తెలీదు. ఫార్వర్డ్ చేస్తే పాత తేదీ పోయి కొత్త తేదీ పడుతుందని అప్పుడు అర్థమైంది.

హైదరాబాదులో ఉన్న మా మేనకోడలికి ఫోను చేశాను. ఆమె ఉద్యోగం పేరు ఈ-డిస్కవరీ ప్రాజెక్ట్ మేనేజర్. పెళ్లి చూపుల్లో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలీక "కంప్యూటర్ పని" అనేవాళ్లం. అమెరికా కంపెనీల మీద దావాలు పడితే రెండు పక్షాలూ తమ దగ్గరున్న ఈమెయిళ్లు, ఫైళ్లు, మెసేజీలు వెతికి, కేసుకి సంబంధించినవి అవతలి పక్షానికి ఇవ్వాలి. 2006 డిసెంబరులో అక్కడి ఫెడరల్ కోర్టుల నిబంధనల్లో కంప్యూటర్లో ఉన్న సమాచారాన్ని పేరు పెట్టి చేర్చారు. ఒక్కో కేసులో లక్షల కాగితాలంత సరుకు ఉంటుంది.

"నువ్వు లాయరువి కావు, కంప్యూటర్ ఇంజనీరువి కావు. మరి మధ్యలో నువ్వు చేసేదేంటమ్మా?" అని అడిగాను.

"మీ కంట్రోలర్ చేసే పనే మావయ్యా" అంది.

ఆ ఒక్క మాటతో నాకు బోధపడింది. కంట్రోలర్ బండి నడపడు, పాయింటు మార్చడు. కానీ తేరుబలి, బిస్సమ్ కటక్, మునిగుడ మధ్య ఏ బండి ఎక్కడుందో, దేన్ని లూపులో పెట్టాలో ఆయనకి తెలియాలి. ఈమె పనీ అంతే. ఎవరెవరి దగ్గర సరుకుంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలి, ఎవరూ ఏదీ చెరపకూడదని తాఖీదు అందిందా, కాపీ ఎవరు తీశారు, ఒకే మెయిలు పదిసార్లు ఉంటే తొమ్మిది తీసేశారా, చదివేవాళ్లు ఎంతమంది, రోజుకి ఎన్ని చదవగలరు, వకీలుకీ క్లయింటుకీ మధ్య నడిచిన ఉత్తరాలు పొరపాటున అవతలికి పోతున్నాయా, ప్రతి పేజీకి నంబరు పడిందా, గడువు లోపల పోతుందా. ఇవన్నీ ఒక మనిషి దగ్గర రాసి ఉండాలి. గడువుకి అవదనుకుంటే పెద్ద లాయరుకైనా సరే ముందే చెప్పాల్సింది ఆమే.

మన తెలుగువాళ్లకి దగ్గర ఉదాహరణ సత్యం. 2009 జనవరి 7న రామలింగరాజు గారి ఉత్తరం బయటికి రావడం అందరికీ గుర్తే. ఉత్తరం ఒక్కటీ ఉంటే కేసు నిలవదు. దర్యాప్తులో బిల్లుల కంప్యూటరు వెతికితే, ప్రత్యేక లాగిన్‌తో మామూలు ఉద్యోగుల కంటికి కనపడకుండా దాచిన దొంగ ఇన్వాయిస్‌లు 7,561 తేలాయి. 2015 ఏప్రిల్ 9న తీర్పు వచ్చేసరికి 226 మంది సాక్షులు, మూడు వేలకి పైగా పత్రాలు. ఏది ఎక్కడ దొరికింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది అన్న లెక్క లేకపోతే అంత సరుకూ చిత్తుకాగితమే.

మళ్లీ మన కథకి వస్తాను. మేనకోడలు మొట్టమొదట అడిగింది ఇది: "గ్రూపులో మెసేజీలు వాటంతటవే పోయే సెట్టింగ్ ఉందా?"

ఉంది. పెట్టింది నేనే. గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోన్లు నిండిపోతున్నాయని మీరంటే నిరుడు 90 రోజులకి పెట్టాను. అద్దె గురించి గ్రూపులో నడిచిన మాటలు చాలా వరకు అలా పోయాయి. "ముందు అది తీసెయ్యండి. ఇంకెవరూ ఫార్వర్డ్ చెయ్యొద్దు, ఫోను మార్చొద్దు" అంది. మెసేజీలు కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలని కూడా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్లో ఫైలుకి హ్యాష్ వాల్యూ రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మారిపోతుంది. గూడ్సు వ్యాగనుకి వేసే సీలు లాంటిదన్నమాట.

తర్వాత మా కోశాధికారి ఫోనూ నా ఫోనూ పెట్టుకుని, ఆమె చెప్పినట్టు చాట్లు ఎక్స్‌పోర్ట్ చేసి వెతికాం. "అద్దె" అని కొడితే కొన్ని వచ్చాయి. "రెంట్" అంటే ఇంకొన్ని. ఒడియావాళ్లు "భొడా" అంటారు, హిందీలో "కిరాయా". అన్నీ కొట్టాం. నేను రాసినవి మాత్రం దాదాపు ఏవీ రాలేదు.

"మావయ్యా, మీరు అద్దెని ఏమని రాస్తారు?" అంది.

నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. నేను చదువుకున్నది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. తొందరలో రాసేటప్పుడు ఇప్పటికీ చెయ్యి "వాడగై" అనే కొడుతుంది. కొట్టాం. పదకొండు మెసేజీలు వచ్చాయి.

పదోది కోశాధికారికి నేను రాసింది. రెండు నెలల వాడగై చేతికి వచ్చింది, హాలు రేకులు ఎగిరిపోతే మేస్త్రీకి ఇచ్చేశాను అని. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టారు. రసీదు రాయలేదు. పుస్తకంలో ఎక్కలేదు. ఇద్దరం మరిచిపోయాం. ముప్పై ఏళ్లకి పైగా రైల్వేలో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పన్నెండు దాకా కూర్చున్న మనిషిని నేను. అవతలాయన అబద్ధమాడుతున్నాడని మీ అందరి ముందు అన్నదీ నేనే.

కమిటీలో ఒకరన్నారు: "తమిళం మాట కదా, ఎవరికి అర్థమవుతుంది, వదిలెయ్యండి." నిజం చెప్తున్నాను, ఆ రాత్రి నాకూ అదే బుద్ధి పుట్టింది. పొద్దున్న మేనకోడలికి చెప్తే ఆమె కోప్పడలేదు. "మా పనిలో ఎక్కువ ఒత్తిడి ఇక్కడే వస్తుంది మావయ్యా. మనకి చెరుపు చేసే కాగితం దొరికినప్పుడు. దాన్ని లెక్కలోంచి తీసే అధికారం నాకు లేదు. వకీలు గారికి ఇచ్చెయ్యండి" అంది. మన దేశంలోనూ 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం ప్రకారం నడిచే దావాల్లో, తమకి అనుకూలమైనవే కాదు, ప్రతికూలమైన పత్రాలు కూడా బయటపెట్టాలి. మనది ఆ కోర్టుకి వెళ్లే గొడవ కాదు. అయినా న్యాయం న్యాయమే కదా.

పదకొండూ వకీలు గారి చేతిలో పెట్టాను. ఆయన షాపాయన్ని పిలిచి ఆ మెసేజి చూపించారు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇది మీరే చూపించారు కాబట్టి మిగతా ఏడు నెలలదీ ఒప్పుకుంటున్నాను" అన్నాడు. కోర్టు మెట్లు ఎక్కకుండానే కాగితం రాసుకున్నాం. రెండు నెలలు తగ్గింది అందుకే. ఆయనకి నేను క్షమాపణ చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

ఇక నా మనవి. సంఘం కాగితాలకీ మెసేజీలకీ ఒక మనిషిని పేరు పెట్టి నియమిద్దాం. చదువు పెద్దగా అక్కర్లేదు, ఏది ఎవరి దగ్గరుందో రాసుకునే ఓపిక ఉంటే చాలు. చేతికి డబ్బు వస్తే ఆ రోజే రసీదు, ఆ రోజే పుస్తకం. మెసేజీలు పోయే సెట్టింగ్ మళ్లీ పెట్టొద్దు. గుడ్ మార్నింగ్ బొమ్మలకి వేరే గ్రూపు పెట్టుకుందాం. అద్దె వసూలు ఈ నెల నుంచి నా చేతిలో వద్దు, ఇంకొకరికి ఇవ్వండి.

మీ అభిప్రాయం కింద రాయండి. తిట్టినా పరవాలేదు, డిలీట్ చెయ్యను.