అరచేతి గుర్తు

సైకిలు చక్రం బిగించడం నాకు తెలియదని ఎవరైనా అంటే మొన్న మొన్నటిదాకా నాకు వొళ్లు మండిపోయేది. నలభై యేళ్లు సైకిలు తొక్కినవాణ్ణి. కాలేజీ రోజుల్లో హెర్క్యులిస్ సైకిలు వెనక చక్రం విప్పి, ట్యూబు బయటికి లాగి, పంక్చరు అతికించి, మళ్లీ చెయిను బిగువు సరిచూసి నట్లు బిగించేదాకా అన్నీ నేనే చేసుకునేవాణ్ణి. హాండిలుకు క్యారేజీ, సీటు వెనక తోలుసంచీలో రెండు స్పానర్లు, అదీ నా వైభవం! అంచేత మా అమ్మాయి తన జీతం డబ్బుతో మౌంటెన్ బైకు కొనుక్కుని ఇంటికి తెచ్చినప్పుడు, దాని ముందు చక్రానికి నట్టుకు బదులు వేలెడు పొడుగు మీట కనిపిస్తే నాకు జాలి వేసింది.

"ఇదేమిటే అమ్మలూ, నట్లు బిగించే ఓపిక కూడా లేకపోయిందా యీ కాలం వాళ్లకి?" అన్నాను.

"దీన్ని క్విక్ రిలీజ్ అంటారు నాన్నా. స్పానరు అక్కర్లేదు. మీట తెరిస్తే చక్రం వూడి వచ్చేస్తుంది," అంది.

వూడి వచ్చేస్తుందన్న మాట ఆ పూట నా చెవికి శుభంగానే వినిపించింది.

తరవాత ఓ ఆదివారం అనంతగిరి కొండలకు ప్రయాణం పెట్టుకున్నారు, మా అమ్మాయీ, దాని స్నేహితురాళ్లిద్దరూ. హైదరాబాదుకు పడమటగా, వికారాబాదు దాటాక వస్తాయి ఆ కొండలు. మూసీ పుట్టినచోటు అదే. అనంతపద్మనాభస్వామి గుడి వుంది. అడవిలో ఎర్రమట్టి దారులు సైకిలు తొక్కడానికి బాగుంటాయిట. కారు నడపడానికి నేను, పులిహోర కట్టి పంపడానికి మా ఆవిడ. సైకిలు కారు వెనక పట్టాలంటే ముందు చక్రం తియ్యక తప్పదు. తీశాం. అక్కడికి చేరాక మా అమ్మాయి స్నేహితురాళ్లతో దారి మాట్లాడుకుంటూ, "నాన్నా, కాస్త చక్రం పెట్టేస్తావా?" అంది.

పెట్టేశాను! ఫోర్కు కాళ్ల చివర గాడుల్లో చక్రం దూర్చి, అవతలి పక్క నట్టు పట్టుకుని, ఇవతలి పక్క మీటను రెక్కల నట్టు తిప్పినట్టు గిర్రున తిప్పాను. ఇంక తిరగనని మొరాయించేదాకా తిప్పాను. చక్రాన్ని వొకసారి తట్టి, "ఊఁ, వెళ్లిరా," అన్నాను. మీట మీద ఓ పక్క 'ఓపెన్' అనీ మరో పక్క 'క్లోజ్' అనీ చెక్కి వుంది. కళ్లజోడు కారులో వుంది.

పావుగంట గడవకముందే మా అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ తిరిగి వచ్చింది. మోచెయ్యి గీరుకుపోయింది, మోకాలి దగ్గర మట్టీ నెత్తురూ కలిసి వున్నాయి. పల్లంలో బ్రేకు వేసిందట. వెయ్యగానే ముందు చక్రం ఎడమ పక్క కిందికి జారినట్టయి, సైకిలు పక్కకు లాగేసి, దారి వారన గడ్డిలో పడేసిందట. ముందు భాగం పైకెత్తి చూపించింది. ఆరేళ్ల పిల్లవాడి పాలపన్నులా చక్రం గాడిలో వేలాడుతూంది.

"యీ స్క్యూవర్ నాసిరకం సరుకులా వుంది నాన్నా, మార్చేద్దాం," అంది మా అమ్మాయి.

స్క్యూవర్ అంటే ఆ మీట తాలూకు కడ్డీ. నేను నోరు విప్పలేదు. "మార్చేద్దాం తల్లీ," అన్నాను. పులిహోర ఎవరూ సరిగ్గా తినలేదు.

సోమవారం పొద్దున్నే పాత స్క్యూవర్ జేబులో వేసుకుని సైకిళ్ల దుకాణానికి బయలుదేరాను. "దెబ్బ తగిలితే మందు కొంటారు గాని, మేకులు కొంటారుటండీ?" అంది మా ఆవిడ. దానికి తెలిసినంత కథ అంతే మరి.

దుకాణంలో కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎవరు బిగించిన్రు అంకుల్?" అన్నాడు. నేనే అన్నాను. "ఎట్ల బిగించిన్రో చూపియ్యున్రి," అని ఓ సైకిలు నా ముందుకు జరిపాడు. చూపించాను. అతను నవ్వలేదు. నవ్వి వుంటేనే బాగుండేది.

"తిప్పిన్రు అంకుల్. మడవలే. ఇది నట్టు కాదు."

అప్పుడు చెప్పాడు. మీట మొదట్లో చిన్న ఇనుప బిళ్ల వుంటుంది. గుండ్రటిదే గాని, దాని ఇరుసు నడిమధ్యన లేక ఓ పక్కకు జరిగి వుంటుంది. దాన్ని కామ్ అంటారు. మీటను ఇటునుంచి అటు మడిచినప్పుడు ఆ బిళ్ల తిరిగి, బోలుగా వున్న ఇరుసులోంచి దూరి వచ్చిన కడ్డీని ఏ కొద్ది మిల్లీమీటర్లో లాగుతుంది. అంత చిన్న లాగుడుతోనే ఫోర్కు రెండు కాళ్లూ చక్రాన్ని గట్టిగా కరుచుకుంటాయి. క్యారేజీ గిన్నెల మీద మీట వొత్తితే మూత ఎలా బిగుస్తుందో అలాగన్నమాట. క్యారేజీ మీటను మనమెవరం గిరగిర తిప్పం కదా! అవతలి నట్టు వున్నది ఎంత బిగువు కావాలో సరిచూసుకోవడానికి మాత్రమే. మీటను మడుస్తూంటే, సగం దూరంలో అది కడ్డీకి సూటిగా నిలిచినచోట బిగువు తెలియాలి. అక్కణ్ణుంచి అరచేత్తో నెట్టి మూయాలి. చెయ్యి తీసి చూసుకుంటే అరచేతిలో మీట అచ్చు పడి వుండాలి. పడలేదా, మళ్లీ తెరిచి నట్టు కొంచెం తిప్పి మళ్లీ మూయాలి. పడిందా, చక్రం సంగతి మరిచిపోవచ్చు.

నేను చేసినట్టు మీటనే తిప్పితే వేళ్ల బలమంతే వస్తుంది. వేళ్లకేమో అదే మహా బిగువనిపిస్తుంది.

"మరి చక్రం పూర్తిగా ఎందుకు వూడిపోలేదు?" అని అడిగాను. అడగడానికి గుండె చాల్లేదు గాని అడిగాను. అతను ఫోర్కు కొసన వేలు పెట్టి చూపించాడు. గాడి చివర చిన్న గట్లు వున్నాయి. బిగింపు వదులైనా చక్రం రాలిపోకుండా ఆపేవి అవే. వాటికి లాయర్ లిప్స్ అని పేరుట, అంటే వకీలు పెదవులు! చక్రాలు వూడి పడ్డవాళ్లు కోర్టుకెక్కుతారని భయపడి కంపెనీలు పెట్టిన గట్లు గనక ఆ పేరు వచ్చింది. వకీళ్ల మీద నాకు మొదటినుంచీ సదభిప్రాయం లేదు. ఆ రోజునుంచి వుంది. అయితే ఇందులో ఓ తిరకాసు కూడా వుంది. ఆ గట్లు లేని రోజుల్లో మీట తెరిస్తే చక్రం వూడేది, మూస్తే బిగిసేది, నట్టును ముట్టుకోవలసిన పని వుండేది కాదు. గట్లు వచ్చాక వాటిని దాటించడానికి ప్రతిసారీ నట్టు వదులు చెయ్యాలి, ప్రతిసారీ మళ్లీ బిగువు సరిచూసుకోవాలి. అందుకే నావంటి వాడికి ఇదంతా తిప్పుడు వ్యవహారంలా కనిపిస్తుంది.

యీ మీట కనిపెట్టినవాడి కథ ఇంటికి వచ్చాక చదివాను. తుల్లియో కంపాన్యోలో అనే ఇటలీ పందెగాడు. 1927 నవంబరులో క్రోచె దౌనె అనే కొండదారిలో మంచు పడుతూండగా పందెం. ఆ రోజుల్లో ఎత్తు ఎక్కడానికి గేరు మార్చాలంటే వెనక చక్రం వూడదీసి తిరగేసి పెట్టుకోవాలి. రెక్కల నట్లు మంచుకు బిగుసుకుపోయాయి, వేళ్లు కొయ్యబారిపోయాయి, నట్టు తిరగలేదు, పందెం పోయింది. ఆ కసితో యీ మీట పుట్టిందని చెబుతారు. ఆ రోజు కథ అచ్చంగా అలాగే జరిగిందా అని సందేహించే చరిత్రకారులూ లేకపోలేదు. ఏమైతేనేం, 1933లో ఆయన విచెన్జా పట్టణంలో పెట్టిన కంపెనీ పేరు సైకిళ్ల లోకమంతటా పాకింది. తిప్పలేకపోయినవాడు మడిచే వుపాయం కనిపెడితే, దాన్ని మళ్లీ తిప్పినవాణ్ణి నేను!

సరే, కొనడం సంగతి. కుర్రవాడు బల్లమీద రెండు రకాలు పెట్టాడు. వొకటి ఎర్రటి రంగువేసిన అల్యూమినియం మీట, పూవులా తేలిక. దాని కామ్ బయటికే కనిపిస్తుంది. మీట కింద ప్లాస్టిక్ వాషరు మీద రాసుకుంటుంది. మా పాతదీ యీ జాతిదే. దాని వాషరు నిండా ఎర్రమట్టి, ఓ అంచు చిట్లి వుంది. రెండోది చూడ్డానికి మొద్దు వుక్కు మీట, కామ్ లోపల గూటిలో దాక్కుని వుంటుంది. గూట్లో వున్నదానికి మట్టి తగలదు, రాపిడి తక్కువ, అదే చేతిబలానికి ఎక్కువ బిగువు ఇస్తుంది. బయట వున్నది తేలిక, సొగసు. రోడ్డు మీద తిరిగేవాళ్లకు అదీ పనిచేస్తుంది, సరిగ్గా మూస్తే.

"మీ పాతది గూడ సరిగ్గ మూస్తే ఆగేదే అంకుల్. కానీ డిస్క్ బ్రేక్ బండికి, గుట్టల్ల తిరిగేటోళ్లకు, నేనైతే లోపల కామ్ ఉన్నదే ఇస్త," అన్నాడు.

డిస్కు బ్రేకుకూ దీనికీ సంబంధమేమిటని అడిగాను. ముందు చక్రం డిస్కును పట్టే బ్రేకు ఫోర్కు ఎడమ కాలికి వెనకవైపు వుంటుంది. బ్రేకు వేసినప్పుడు అది ఇరుసును గాడిలోంచి కిందికి తోస్తుంది. మా అమ్మాయి చెప్పిన ఎడమ పక్క జారుడు ఇదేనన్నమాట. 2003లో జేమ్స్ అనన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త యీ సంగతి లెక్కలతో సహా బయటపెట్టాడు. ఖరీదైన మౌంటెన్ బైకులకు ఇప్పుడు అసలు గాడే లేదు. 12, 15 మిల్లీమీటర్ల లావు ఇరుసు రంధ్రంలోంచి దూరి మరలతో బిగుస్తుంది. దాన్ని తెచ్చి మన గాడి ఫోర్కుకు పెడతానంటే కుదరదు. మనకున్న ఫోర్కుకు మనకు పట్టే స్క్యూవరే.

కొలత కూడా చూసుకోవాలిట. మా సైకిలుకు ముందు 100 మిల్లీమీటర్లు, వెనక 135. కడ్డీ పొట్టిదైతే నట్టులో మరలు నిండా పట్టవు, పట్టకపోతే బిగువంతా నాలుగు మరల మీదే. కడ్డీకి రెండు పక్కలా రెండు చిన్న స్ప్రింగులుంటాయి, సన్నటి మొన చక్రం వైపు వుండాలి. తిరగేసి పెడితే అడ్డంపడి బిగింపు చెడుతుంది. పాతది విప్పినప్పుడు వొకటి తిరగబడే వుంది. ఆ ఘనత ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఆఖరున పెన్సిలు తీశాడు. మీటను పూర్తిగా తెరిచి, దానికీ డిస్కుకూ మధ్య పెన్సిలు దూర్చి చూశాడు. 2015లో ట్రెక్ కంపెనీ ఒక్క అమెరికాలోనే సుమారు 9 లక్షల సైకిళ్ల మీటలు వెనక్కి పిలిచింది ఇందుకే. సరిగా మూయని మీట మరీ వెనక్కి తిరిగి డిస్కులో ఇరుక్కుంటే ముందు చక్రం నడుస్తూ నడుస్తూనే బిగుసుకుపోతుంది. అలా పడి మెడ కింద శరీరమంతా చచ్చుబడిన మనిషి వున్నాడని చదివాక, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరు మిల్లీమీటర్ల సందు వుండాలి, అదీ పెన్సిలు పరీక్ష. మాకు సందు వుంది. అయినా ముందు మీటను డిస్కు లేని కుడి పక్కకే పెట్టించాను. ఎడమ పక్క వుండడం పాత ఆచారంట. పల్లం దిగాక డిస్కు పెనంలా కాలుతూంటుంది, ఆచారం కోసం వేళ్లు కాల్చుకోనక్కర్లేదు.

మా పక్కింటాయన మాత్రం, "మీట ఎందుకండీ, సెల్లారులో ఎవడైనా చక్రం లాక్కుపోతాడు. అలెన్ కీతో బిగించేది పెట్టించండి," అని సలహా ఇచ్చాడు. మంచి సలహాయే. వూళ్లో వీధిలో సైకిలు నిలిపేవాళ్లకు అదే మేలు. ప్రతి ఆదివారం చక్రం తీసి కారులో పెట్టేవాళ్లకు కాదు.

వుక్కు జత పట్టుకుని ఇంటికి వచ్చాను. పాతదాన్ని పారెయ్యలేక జేబులోనే వుంచుకున్నాను. ఆ చిట్లిన వాషరు వుందే, అది నన్ను రక్షించడానికి దేవుడిచ్చిన సాక్షిలా వుంది. "చూశావా, నువ్వన్నట్టే నాసిరకం," అంటే సరిపోతుంది, ఇంక ఎవరూ అడగరు. ఆ మాట రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి మోచేతికి కట్టుతో ఎడమచేత్తో నీళ్లు తాగుతూంటే చూడలేకపోయాను.

"అమ్మలూ, స్క్యూవర్ తప్పు కాదే. నేను మీట మడవలేదు. నట్టులా తిప్పాను," అన్నాను.

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మా అమ్మాయి తల ఎత్తలేదు.

"తెలుసు నాన్నా. పడగానే చూశాను, మీట తెరిచే వుంది."

"మరి అప్పుడే చెప్పవేం?"

"నువ్వు అంతదూరం కారు నడిపి మమ్మల్ని ఇంటికి తీసుకురావాలి కదా," అంది. కాస్త ఆగి, "బయలుదేరేముందు నేనూ చూసుకోలేదుగా," అంది.

మా ఆవిడ మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత అన్నవన్నీ ఇక్కడ రాయనక్కర్లేదు.

మోచెయ్యి మానాక మళ్లీ అనంతగిరి వెళ్లాం. సైకిలు దింపి మా అమ్మాయి చక్రం నా చేతికే ఇచ్చి పక్కన నిలబడింది. కళ్లజోడు పెట్టుకున్నాను. చక్రం గాడిలో నిండా దిగిందా లేదా చూశాను, మీట సూటిగా నిలిచినచోట బిగువు తగిలింది, అరచేత్తో నెట్టి మూశాను. మా అమ్మాయి నా చెయ్యి లాక్కుని, వెలుతురుకు తిప్పి, జాతకం చూసేవాడిలా అరచెయ్యి పరీక్షించింది.

"గుర్తు సరిగ్గా పడలేదు నాన్నా. ఇంకో పావు చుట్టు," అంది.

మీట తెరిచి, నట్టు పావు చుట్టు తిప్పి, మళ్లీ మూశాను.