మా గది కంప్యూటర్ తాళంచెవి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. ఏం రాయమంటారు అంటే, "అన్నా, రెజిమెంటల్ బజార్ గదిలో ఉన్న మీ కంప్యూటర్‌ని మీరు ఎక్కడున్నా తెరుస్తరు కదా, అది ఎట్లనో రాయండి. పైసలు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ మాత్రం చెప్పొద్దు" అన్నారు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు దగ్గరికి చేరేసరికి మాకు పద్నాలుగేళ్ళు పట్టింది. మధ్యలో రెండుసార్లు గట్టి దెబ్బ తిన్నాం. అందుకని మొదటినుంచీ చెబుతాం, ఓపిక చేసుకోండి.

మేము ముగ్గురం 2007లో హాస్టల్ విడిచి సికింద్రాబాద్ వచ్చాం. రెజిమెంటల్ బజార్ గల్లీలో రెండో అంతస్తు మీద ఒక రేకుల గది దొరికింది. స్టేషన్ నడిచిపోయేంత దూరం. ఊరినుంచి నాన్న బియ్యం మూటతో దిగితే ఆటో ఖర్చు ఉండదని ఆ గది తీసుకున్నాం. 2008లో చిట్టీ ఎత్తి, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి ఒక పాత కంప్యూటర్ కొన్నాం. పెంటియం ఫోర్, 512 ఎంబీ ర్యామ్, వెనకాల పెద్ద పొట్ట ఉన్న మానిటర్. ఆ మానిటర్‌ని ఒకడు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తే, ఇంటి ఓనరమ్మ చూసి "టీవీ కొన్నరా బిడ్డా" అని సంబరపడింది.

ఆ కంప్యూటర్ మీదే పెళ్ళి పత్రికలు, బయోడేటాలు టైపు చేసి కిరాయి కట్టేవాళ్ళం. హాస్టల్ తమ్ముళ్ళ కుల, ఆదాయ సర్టిఫికెట్లు స్కాన్ చేసి అందులోనే దాచేవాళ్ళం. 2009లో మన వార్షికోత్సవ సంచిక పేజీలు కూడా అక్కడే తయారయ్యాయి.

అచ్చుకు పోవడానికి ముందు రోజు రాత్రి ప్రూఫులో ఒక తప్పు కనబడింది. పదో తరగతి పాసైన వాళ్ళ పట్టికలో ఒక తమ్ముడి ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది. ఒత్తు పోతే ఆ ఇంటిపేరు ఇంకేదో అవుతుంది, నలుగురూ నవ్వుతారు. వాళ్ళ ఇంట్లో పది పాసైన మొదటివాడు వాడు. ఆ పేజీ చూపించడానికి ఊరంతా తిరుగుతాడని మాకు తెలుసు. మాలో అను కీబోర్డు వచ్చినవాడు ఒక్కడే. వాడేమో నాన్నకు బాగాలేదని నల్లగొండ పోయి ఉన్నాడు. ఫైలు మెయిల్ చేద్దామంటే అక్కడి నెట్ సెంటర్లో అను ఫాంట్లు లేవు. తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. అంటే ఫైలు వాడి దగ్గరికి పోకూడదు, వాడే గదిలోని కంప్యూటర్ దగ్గరికి రావాలి.

విండోస్ ఎక్స్‌పీలో ఆ సౌకర్యం ఉంటుందని విన్నాం. కానీ అది ప్రొఫెషనల్ ఎడిషన్‌లోనే. మాది హోమ్ ఎడిషన్. దానినుంచి బయటి కంప్యూటర్‌లోకి పోవచ్చు గాని, బయటినుంచి దానిలోకి రాలేం. అప్పుడు దొరికింది టైట్ వీఎన్‌సీ. వీఎన్‌సీ అనేది ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక పరిశోధనశాలలో పుట్టింది. దాని సోర్స్‌కోడ్ అందరికీ ఇచ్చేశారు కాబట్టి దానిమీద పదిమంది పది రకాలు తయారు చేశారు. పని చేసేది ఇంట్లో కంప్యూటరే. మనకు వచ్చేది దాని తెర బొమ్మ, మననుంచి పోయేవి మౌసు కదలికలు, మీటల నొక్కుళ్ళు. అంతే.

గదిలో ఉన్న ఇద్దరం రౌటర్‌లో దారి తెరిచి, ఆ పూట మాకు వచ్చిన ఐపీ నంబరు ఫోనులో చదివి వినిపించాం. లైను ఒకసారి తెగి కలిస్తే ఆ నంబరు మారిపోయేది, మళ్ళీ ఫోను. వాడికి తెర ముక్కలు ముక్కలుగా, పైనుంచి కిందికి మెల్లగా దిగేది. రంగులు 256కు తగ్గించాక కాస్త నయం. ఒక్క ఒత్తు పెట్టడానికి గంటన్నర. గదిలో మేము మౌసు ముట్టకుండా కూర్చుని, బాణం గుర్తు దానంతటదే పోయి ఆ పేరు పక్కన నిలబడటం చూశాం. ఒత్తు పడగానే ఇద్దరం చప్పట్లు కొడితే కింద ఓనరమ్మ లేచింది.

ఆ సంతోషంలో తెరిచిన దారి మూయడం మరిచాం. మరిచాం అనడం కూడా అబద్ధమే, మళ్ళీ పనికొస్తుందని ఉంచాం. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం బాణం గుర్తు దానంతటదే కదిలింది. మూడోవాడేమోనని ఫోను చేస్తే, వాడు మోండా మార్కెట్లో కూరగాయలు కొంటున్నాడు. మేము చూస్తుండగానే మై కంప్యూటర్ తెరుచుకుంది. ఒక ఫోల్డర్ తెరుచుకుంది. అది తమ్ముళ్ళ సర్టిఫికెట్ల ఫోల్డర్. వైరు పీకేశాం. ఆలోపు ఎవరేం పట్టుకుపోయారో మాకు ఇప్పటికీ తెలియదు.

కారణాలు తర్వాత తెలిశాయి. మా పాస్‌వర్డు ఇంగ్లీషులో హాస్టల్ అని రాసి, పక్కన 2009. మొత్తం పది అక్షరాలు. పాత వీఎన్‌సీ పద్ధతిలో మొదటి ఎనిమిదే లెక్కలోకి వస్తాయి, అంటే మా 09 దండగ. తెర బొమ్మ కూడా రహస్య లిపి లేకుండా బాహాటంగా పోయేది. పైగా వీఎన్‌సీ మామూలుగా వాడే 5900 పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని రాత్రింబగళ్ళు వెతికే ప్రోగ్రాములు ఉంటాయట. సాఫ్ట్‌వేర్ చెడ్డది కాదు. దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన సొరంగంలోంచి నడపమని దాని కాగితాల్లోనే ఉంది, మేమే చదవలేదు. తమ్ముళ్ళకు ఈ సంగతి చెప్పడానికి వారం పట్టింది. ముఖం చెల్లలేదు.

తర్వాత మధ్యవర్తి రకానికి మారాం. పెద్దవాళ్ళకు పీపీ నంబరు గుర్తుండే ఉంటుంది. ఊళ్ళో కిరాణా కొట్టుకు ఫోను చేస్తే, కొట్టాయన మనిషిని పంపి మనవాళ్ళను పిలిపించేవాడు. ఇదీ అంతే. ఇంటి కంప్యూటర్, మన కంప్యూటర్ రెండూ కంపెనీ సర్వర్ దగ్గరికి వస్తాయి, అక్కడ కలుస్తాయి. రౌటర్‌లో దారి తెరవక్కర్లేదు. ఈ రోజుల్లో చాలా నెట్ కనెక్షన్లలో పది ఇళ్ళకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నారు కాబట్టి దారి తెరుద్దామన్నా కుదరదు. టీమ్ వ్యూయర్, ఎనీడెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఈ జాతివే. సొంత వాడకానికి ఉచితం. అయితే కొట్టు ఆయనది. 2014 జనవరిలో లాగ్‌మీఇన్ కంపెనీ తన ఉచిత సేవను ఆపేసింది. మేము దాన్ని వాడలేదు గాని, ఆ వార్త చదివాక ఉచితం అనే మాటను కొంచెం అనుమానంగా చూడటం మొదలుపెట్టాం.

2020 మార్చిలో హాస్టళ్ళు మూసి అందరినీ ఇళ్ళకు పంపారు. తమ్ముళ్ళ దగ్గర ఫోన్లే ఉన్నాయి, కంప్యూటర్ ఎవరి దగ్గరా లేదు. మాలో ఒకడు గదిలోనే చిక్కుకుపోయాడు. వాడు వంతులు వేశాడు, మనిషికి నలభై నిమిషాలు. వాడు తొమ్మిదంకెల నంబరు ఇస్తే, పొలం గట్టు మీద సిగ్నల్ దొరికిన చోట కూర్చుని ఫోన్లోంచి మా కంప్యూటర్ మీద సీ ప్రోగ్రాములు రాశారు. అంత చిన్న తెర మీద సెమీకోలన్ వెతకడానికే సగం టైము పోయేదని ఇప్పటికీ నవ్వుతారు. మా జీవితంలో ఆ కంప్యూటర్ చేసిన మంచి పని అదే అనుకుంటాం.

రెండో దెబ్బ అక్కడినుంచే వచ్చింది. 2021లో ఒక తమ్ముడికి బ్యాంకునుంచి అని ఫోను వచ్చింది. ఒక యాప్ వేసుకో, అందులో కనబడే నంబరు చెప్పు అన్నారు. వాడు చెప్పాడు. అంతకుముందు ఏడాది మేమే కదా నంబర్లు చెప్పుకోవడం నేర్పింది! వచ్చిన ఓటీపీ వాళ్ళకు తెర మీదే కనబడింది, స్కాలర్‌షిప్ డబ్బు మొత్తం పోయింది. ఇలాంటి మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. నంబరు ఎలా ఇవ్వాలో నేర్పాం గాని, ఎవరికి ఇవ్వకూడదో నేర్పలేదు. వాడి హాస్టల్ ఖర్చులు ఆ ఏడాది మేమే చూసుకున్నాం. దాంతో ఏదో సరిపోయిందని కాదు. ఇప్పుడైతే అలాంటిది జరిగిన వెంటనే 1930కి ఫోను చేయాలి, గంటలు లెక్క.

ఇక మా ఎంపిక. ఇంగ్లీషువాళ్ళకు ఫ్రీ అనే ఒక్క మాటలో రెండు అర్థాలు కలిసిపోతాయి, మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ రకం సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే సంస్థ పేరే స్వేచ్ఛ. 2022లో మేము రస్ట్‌డెస్క్‌కు మారాం. దాని కోడ్ బయటే ఉంది, కొట్టు కూడా మనమే పెట్టుకోవచ్చు, అంటే మధ్యవర్తి సర్వర్ మనదే. సర్వర్‌కి నెల నెలా కొంత అద్దె ఉంది, ముగ్గురం పంచుకుంటాం. సాఫ్ట్‌వేర్ ఉచితమైనా నడపడం ఉచితం కాదు. మీ ఒక్కరి ఇంటి కంప్యూటరే అయితే ఇంత తతంగం వద్దు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి, గూగుల్ ఖాతాకు రెండంచెల తాళం వేయండి, నెట్ సెంటర్లో మాత్రం ఆ పాస్‌వర్డు కొట్టకండి.

ఇంకొకటి, ఏ సాఫ్ట్‌వేరూ చెప్పనిది. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ దానంతటది ఆన్ కావాలి, లేకపోతే మీరెంత దూరంనుంచి పిలిచినా పలకదు. బయోస్‌లోకి పోయి, కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. ఇది తెలియక మేము ఒక ఎండాకాలమంతా ఓనరమ్మను మెట్లెక్కించి బటన్ నొక్కించాం.

ఇప్పుడు గదిలో ఉన్నది చిన్న పాత డెస్క్‌టాప్, లినక్స్ వేశాం. తమ్ముళ్ళకు ఎవరి ఖాతా వాళ్ళకే ఉంది. ఖాతా కావాలంటే ఆదివారం పొద్దున పది తర్వాత గదికి రండి, ఎదురుగా కూర్చోబెట్టి ఇస్తాం. ఫోను చేసి నంబరు అడిగితే మాత్రం చెప్పం, మీ గొంతు గుర్తుపట్టినా సరే.