గెడ్డ మీద వంతెన

పిల్లలూ, ఉద్దానం పేరు మీరు విన్నారా? శ్రీకాకుళం జిల్లాలో పలాసకు తూర్పుగా, సముద్రం ఒడ్డు పొడుగునా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే సీమ అది. మా ఊరు అక్కడే. ఊరి పక్కగా ఒక గెడ్డ పోతుంది. వాగును మా వైపు గెడ్డ అంటారు.

నా చిన్నతనంలో ఆ గెడ్డ మీద వంతెన లేదు. ముసురు పట్టిందంటే మాకు బడి లేనట్టే. మాకది పండగే కాని, పెద్దవాళ్ళకు కాదు. ఒకసారి వానాకాలంలో మా అత్తకు నొప్పులు వస్తే, మంచం మీద పడుకోబెట్టి, రాత్రివేళ గుండెలోతు నీళ్ళలో గెడ్డ దాటించారు. ఆ తరువాత కొన్నేళ్ళకు వంతెన వచ్చింది. వంతెనంటే ఏముంది? రెండు సిమెంటు తూములు పరిచి, పైన మట్టికట్ట పోసి రోడ్డు వేశారు. ఊరంతా కలిసి కొబ్బరికాయలు కొట్టాం. మొదటి బండి జీడిపిక్కల బస్తాలతో పలాస వెళ్ళింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. తోటలకు తోటలే నేలకూలాయి. కొబ్బరిమట్టలు గెడ్డలో కొట్టుకువచ్చి తూముల నోళ్ళకు అడ్డం పడ్డాయి. నీరు వెనక్కు తన్ని మా పల్లపు మడులూ, ఎగువ వీధి ఇళ్ళూ ముంచేసింది. మమ్మల్ని గెడ్డ దాటించిన కట్టే ఆనకట్ట అయి కూచుంది!

నీరు తీశాక నేను లెక్క వేసి చూశాను. మూడడుగుల అడ్డకొలత గల తూము నోరు సుమారు 7 చదరపు అడుగులు. రెండూ కలిస్తే 14. అక్కడే పదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల ఒక ఖానా విడిచిపెట్టి ఉంటే 40 చదరపు అడుగులు అయ్యేది. మట్టలు కూడా దానిగుండా చాలావరకు జారిపోయేవి.

మా అమ్మమ్మకు ఈ లెక్క అక్కరలేకపోయింది. ‘‘పెద్దవాన వస్తే నీళ్ళు చింతచెట్టు మొదలు దాకా వస్తాయిరా. నన్నడిగితే చెప్పనా? ఎవరడిగారు?’’ అన్నది.

‘‘అయితే పడగొట్టేసి పెద్దది కడితే సరి!’’ అన్నాడు మా మేనల్లుడు. వాడు ఏడో తరగతి.

అంత తేలిక కాదు. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తేగాని సిమెంటు తయారు కాదు. టన్ను సిమెంటుకు అరటన్ను పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఇసుకేమో ఏటిలోంచే రావాలి. వంతెన దగ్గరగా ఇసుక తవ్వితే వరద వచ్చినప్పుడు స్తంభాల మొదళ్ళు కోసుకుపోతాయి. అందుచేత ఒకసారి కట్టినది ఎన్ని తరాలు నిలిస్తే భూమికి అంత లాభం. ఇచ్ఛాపురంలో బాహుదా నది మీద 1929లో ఒక వంతెన కట్టారు. అది 94 ఏళ్ళు జనాన్ని మోసింది. 2023 మే నెలలో పెద్ద బండరాయిని ఎక్కించుకున్న లారీ దాని మీదికి వచ్చింది. ఆ బరువుకు వంతెన కూలిపోయింది. కట్టిననాడు అటువంటి లారీలను ఎవరు ఊహించారు!

ఉన్న తూములను ఉంచి, పక్కన కట్ట తెగ్గోసి ఒక ఖానా వేస్తే చాలునని నాకు తోచింది. కాని ఖానా ఎంత ఎత్తుండాలి? దానికి నీటిమట్టం తెలియాలి. నేనూ మా మేనల్లుడూ ఒక వెదురుగడకు అడుగుకొక గాటు పెట్టి తూముల దగ్గర పాతాం. వాన పడిన ప్రతిరోజూ వాడు బడి నుంచి వస్తూ చూసి నోటుపుస్తకంలో రాస్తాడు. కిందటి వానాకాలంలో నీరు నాలుగో గాటు దాటింది. ఆ సాయంత్రం అమ్మమ్మ వాణ్ణి చింతచెట్టు దగ్గరికి తీసుకుపోయి, తన చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూపించింది. వాడు అది కూడా రాసుకున్నాడు.