అత్తయ్యగారి లైఫ్ జాకెట్

నాకు పడవల పిచ్చి. ఆడవాళ్ళకి చీరల పిచ్చి, నగల పిచ్చి అంటారు కదా, నాకేమో నీళ్ళ మీద తేలేది ఏది కనబడినా ఎక్కాలనిపిస్తుంది. పుట్టింది సఖినేటిపల్లిలో. గోదారి దాటితే నర్సాపురం, అమ్మమ్మగారి ఊరు. మధ్యలో పంటి. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళివాళ్ళు, అందరూ ఆ పంటి మీదే. నేను అంచుకి పోకుండా నాన్న నా జడ పట్టుకుని నిలబడేవారు. అప్పట్లో నా లైఫ్ జాకెట్ అదే!

పెళ్ళయి విశాఖ వచ్చాక బీచ్ రోడ్డులో కురుసుర దొరికింది. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరయి, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చున్న సబ్‌మెరైన్. ఇంటికి ఏ చుట్టాలొచ్చినా తీసుకెళ్ళేది నేనే. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సిందే. అందులో వంటగది చూశాక మా వంటిల్లు ఇరుకని సణగడం మానేశాను. ఓ నెల రోజులు.

నేవీ వారోత్సవాలప్పుడు యుద్ధనౌకలు చూడనిస్తారు. ఓసారి మావాణ్ణి తీసుకెళ్తే, ఒక నావికుడు వాడికి లైఫ్ జాకెట్ తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాడు. జాకెట్ చెవుల దాకా వచ్చేసింది. "ఇలా వస్తే నీళ్ళలో జాకెట్ తేలుతుంది మేడమ్, బాబు తేలడు" అన్నాడు. బెల్టులు బిగించి మళ్ళీ లాగాడు. ఈసారి కదల్లేదు.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. కచ్చులూరు దగ్గర గోదారిలో బోటు మునిగింది. ఆ దసరాకి మేమూ పాపికొండలు వెళ్దామనుకుంటున్నాం. నీళ్ళ అడుగు నుంచి ఆ బోటుని పైకి తీసేసరికి అక్టోబర్ వచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో పడవ మాటెత్తితే అత్తయ్యగారు లేచి వెళ్ళిపోయేవారు. నేనూ ఎత్తడం మానేశాను.

అలాంటిది, పోయిన సంక్రాంతి తర్వాత ఆవిడే అడిగారు. "నీ గోదారి నాకెప్పుడు చూపిస్తావే?"

గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కాం. అందరికీ జాకెట్లు ఇచ్చారు. నాకొచ్చినదానికి క్లిప్పు విరిగిపోయి ఉంది. మార్చమంటే ఆ అబ్బాయి విసుక్కుంటూ ఇంకోటి తెచ్చాడు. ఫొటోలు అయ్యాయి, బోటు కదిలింది. అరగంటకి ఎండెక్కింది, ఒక్కొక్కరే విప్పేశారు. కొందరు తలకింద పెట్టుకున్నారు, కొందరు వాటిమీదే కూర్చున్నారు. అలా నలిగితే లోపలి ఫోమ్ పాడైపోతుందండీ. "వేసుకోండి" అని మావాళ్ళకి చెప్పాను. మావాడు తల తిప్పుకున్నాడు. పదహారేళ్ళు కదా, అమ్మ నోరు తెరిస్తేనే సిగ్గు. మా ఆయనైతే "అందరూ మనవైపే చూస్తున్నారు, వదిలెయ్" అన్నారు. పాటలు, డాన్సుల మధ్య ఆ జాకెట్‌తో నేనొక్కదాన్నే. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కాలని తపించిన పడవ మీద ఇలా కూర్చుంటాననుకోలేదు.

కచ్చులూరు వచ్చింది. మైకులో ఎవరూ చెప్పలేదు గానీ, అన్నిసార్లు టీవీలో చూసిన ఒడ్డు, నాకు తెలిసిపోయింది. అత్తయ్యగారికీ తెలిసినట్టుంది. పాటలోళ్ళవైపు చూడ్డం మానేసి నీళ్ళవైపే చూస్తున్నారు. కాసేపటికి పక్కనున్న జాకెట్ ఒళ్ళోకి లాక్కున్నారు.

"అమ్మాయ్, ఈ బెల్టు ఎటునుంచి పెట్టాలి?"

పట్టుచీర మీదే తొడిగాను. బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని లాగాను. "చంపేస్తున్నావే" అన్నారు. కదల్లేదు. వెనక్కి తిరిగేసరికి మా ఆయన ఏమీ మాట్లాడకుండా తనది వేసుకుంటున్నారు. మావాడు మాత్రం ఇంకో పది నిమిషాలు బెట్టు చేసి, నాన్నమ్మ ఒక్క చూపు చూస్తే వేసుకున్నాడు.

భోజనాలప్పుడు కూడా ఆవిడ విప్పలేదు. దాని మీద పడిన సాంబారుని కొంగుతో తుడుస్తూ, "ఇది మనమే ఉతికిచ్చేయాలేమో, కనుక్కో" అన్నారు.